పిన్ను ఒకటే ఎందుకుండాలి?

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు,

తాత ఆశీస్సులు. చిన్నోడా, నువ్వు అడిగినదానికి ఫోన్‌లోనే చెప్పుండొచ్చు గానీ, అప్పుడు నువ్వు వినేట్టు లేవు. "అక్క విల్లుకు లెన్స్ పెట్టుకోవచ్చంట, లెవెల్ పెట్టుకోవచ్చంట, నారిలో పీప్ కూడా పెట్టుకోవచ్చంట. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మూడు పిన్నుల సైట్ మాత్రం సార్ తీసేయమన్నాడు. ఇదేం న్యాయం?" అని ఒకటే గోల. సైట్ అంటే గురి చూడటానికి విల్లుకు బిగించుకునే సామానే కదా, పిన్ను దానిలో టార్గెట్ మీద నిలిపే మొన. న్యాయంగానే ఉంది. ఎట్లాగో తీరిగ్గా రాస్తున్నా. చిత్తూరు పోటీకి పోయేలోపు ఇద్దరూ చదవండి.

నీది కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లు, అక్కది కొసల్లో చక్రాలున్న కాంపౌండ్ విల్లు. రెండిటినీ విల్లే అంటాం గానీ పోటీలో అవి రెండు వేర్వేరు ఆటలు. ఏ విల్లు పట్టినవాళ్లు ఎంత పని సొంత కంటితో, సొంత ఒంటితో చేయాలి, ఎంత పని సామానుకు వదిలేయొచ్చు అన్నదానికి విలువిద్య పోటీల నియమాలు రాసే వరల్డ్ ఆర్చరీ సంస్థ ఒక్కో విభాగానికి ఒక్కో గీత గీసింది. సైట్ మీద ఉన్న నియమాలన్నీ ఆ గీత కాడికే వచ్చి ఆగుతాయి.

రికర్వ్ విల్లుకు ఒక్క సైట్ పెట్టుకోవచ్చు. దాన్ని పైకీ కిందికీ, గాలిని బట్టి పక్కలకూ జరుపుకోవచ్చు. దూరాల గుర్తులు రాసుకున్న పట్టీ అంటించుకున్నా ఎవరూ ఏమీ అనరు. కానీ గురి చూసే బిందువు ఒక్కటే ఉండాలి. లెన్స్, ప్రిజం, విల్లు వాలిందో లేదో చూపే లెవెల్ బుడగ, కరెంటుతోనో బ్యాటరీతోనో పనిచేసేది ఏదీ ఉండకూడదు. నీ సైట్‌కు మూడు పిన్నులు, కింద ఒక బుడగ, పక్కన బ్యాటరీ లైటు. ఒక్క సామానులో ఇన్ని తప్పులు దొరకడం కూడా కష్టమే! వేటగాళ్ల కోసం చేసిన సైట్ అది. మూడు దూరాలకు మూడు పిన్నులు. అమ్మేవాళ్లు ఇది ఏ విభాగంలో చెల్లుతుందో ఒక్క ముక్క రాయరు, పిల్లలు డబ్బులు పోగొట్టుకుంటారు. నాకు కోపమొచ్చేది అక్కడ, మీ సార్ మీద కాదు.

మెరిసే పిన్ను కావాలంటే ఫైబర్ ఆప్టిక్ పిన్ను పెట్టుకో. అది పగటి వెలుతురును పట్టి చివర చుక్కలా చూపిస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి చెల్లుతుంది. వెలిగే చుక్క మాత్రం ఒకటే కనబడాలి.

ఇంకో కొలత ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సైట్ రింగు గానీ, గొట్టం గానీ, పిన్ను గానీ చూపు సాగే దిక్కున 2 సెంటీమీటర్లకు మించి పొడవుండకూడదు. ఎందుకో తెలియాలంటే ఒక కాగితాన్ని సన్నటి గొట్టంలా చుట్టి, చెయ్యి చాపి పట్టుకుని, ఒంటి కన్నుతో అందులోంచి గోడ గడియారాన్ని చూడు. చెయ్యి రవ్వంత తిరిగితే చాలు, గొట్టం లోపలి గోడ ఒక పక్క కనబడి గడియారం సగం మాయమవుతుంది. అంటే కన్నూ గొట్టమూ ఒకే వరసలో ఉన్నాయో లేదో గొట్టమే నీకు చెప్పేస్తోంది. ఇప్పుడు దాన్ని కత్తిరించి 2 సెంటీమీటర్లు మిగుల్చుకుని మళ్లీ చూడు. చెయ్యి అంతే తిప్పినా పెద్దగా తేడా కనబడదు. ఆ తేడాను రికర్వ్ ఆడేవాడు తన ఒంటితో పట్టుకోవాలి గానీ గొట్టం పట్టివ్వకూడదు.

నారికీ ఇదే మాట. అక్క నారిలో ఉండే పీప్, కంటికి ఎదురుగా వచ్చే చిన్న కన్నం. ముందు సైట్, వెనక పీప్, రెండూ కలిస్తే వరస తప్పదు. నీకు ఆ వెనక గుర్తు లేదు. నీ గడ్డం, ముక్కు, దవడ కిందికి వచ్చే చెయ్యి, ఇవే నీ వెనక సైట్. అందుకే నారి మీద ముక్కుకో పెదవికో తగిలే చిన్న గుర్తు ఒకటి పెట్టుకోవచ్చన్నారు, కంటికి సాయం చేసేది ఏదీ వద్దన్నారు. నారికి చుట్టిన దారం కూడా, పూర్తిగా లాగినప్పుడు నీ చూపుకు అడ్డంగా వచ్చి ఆగకూడదు. ఆ దారం అంచు కూడా గురికి గుర్తవుతుంది కదా!

దవడ అంత ముఖ్యమా అంటావేమో. లెక్క చూడు. పెద్దవాళ్ల రికర్వ్ పోటీలో టార్గెట్ 70 మీటర్ల దూరంలో ఉంటుంది. లాగిన బాణం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు అనుకుందాం. దూరం దానికి నూరింతలు. పళ్లు కొంచెం తెరుచుకుని దవడ కిందికి దిగి, బాణం వెనక కొస ఒక్క మిల్లీమీటరు జారిందంటే, అక్కడ బాణం 10 సెంటీమీటర్లు పైకి పోతుంది. 122 సెంటీమీటర్ల ఆ టార్గెట్‌లో పది మార్కుల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లే. నడిమధ్య తగలాల్సిన బాణం తొమ్మిదిలోకి పోయింది. పన్నుకు పన్ను ఆనించమని సార్ రోజూ అరిచేది ఇందుకే.

అక్కకు లెన్స్, బుడగ, పీప్ అన్నీ ఇచ్చారు కదా, ఆమెకు సులువు అనుకోవద్దు. కాంపౌండ్ టార్గెట్ 50 మీటర్ల దూరంలోనే ఉన్నా, దాని వలయాల కాగితం అడ్డంగా 80 సెంటీమీటర్లే. సామాను ఎంత సాయం చేస్తే వలయాలు అంత చిన్నవి. అందరికీ ఒకే సాయం ఉన్నచోట ఒక్క తొమ్మిది పడితే చాలు, వెనకబడిపోతారు. బ్యాటరీ సామాను ఆమెకూ వద్దన్నారు. మన విజయవాడ ఆర్చర్లనే చూడండి. కాంపౌండ్ ఆడే జ్యోతి సురేఖ లెన్సులోంచి, పీప్‌లోంచి చూసి కొట్టి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. రికర్వ్ ఆడే బొమ్మదేవర ధీరజ్ అద్దం లేని రింగులోంచి చూసి కొట్టి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా పోయాడు. ఎవరు గొప్ప అని నన్నడిగితే చెప్పను. ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ రికర్వే ఉండేది. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా వస్తోంది, అక్క గోడ మీద రాసుకోవచ్చు.

సైటే లేకుండా ఆడేవాళ్లూ ఉన్నారు.  బేర్‌బో అని ఒక విభాగం ఉంది. అందులో విల్లు మీద గురికి పనికొచ్చే గీతో మచ్చో ఉన్నా ఒప్పుకోరు. నారి విప్పిన విల్లును 12.2 సెంటీమీటర్ల వలయంలోంచి దూర్చి చూస్తారు, దూరకపోతే ఆ విల్లు చెల్లదు. వాళ్లు బాణం మొననే గురిగా పెట్టుకుని, దూరాన్ని బట్టి నారి మీద వేళ్లను కిందికి జరుపుకుంటారు.

గుర్తు పెట్టుకుని గురి చూడటం మన వైపు వాళ్లకు కొత్తేం కాదులే. శ్రీకాళహస్తి తిన్నడు రెండో కన్ను కూడా పెరికేస్తే చోటు కనబడదని, స్వామి కంటి కాడ ముందే కాలు ఆనించి పెట్టుకున్నాడు. మీ అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా ఏడుస్తుంది, నాకేమో ఆ వేటగాడి తెలివి గుర్తుకొస్తుంది. ఇప్పటికీ చూపు లేని ఆర్చర్లకు పారా పోటీల్లో చేతికి తగిలే సైట్ ఇస్తారు. కంటి పని తాకిడి చేస్తుంది. అవసరం వేరైనచోట గీత కూడా జరిగింది.

కళ్లద్దాల సంగతి నీకు విడిగా చెప్పాలి. పవర్ అద్దాలు పెట్టుకోవచ్చు, చలువద్దాలూ పెట్టుకోవచ్చు. అద్దం మీద గురికి సాయపడే గుర్తు మాత్రం పెట్టకూడదు, సూదిబెజ్జాల అద్దాలు అసలు వాడకూడదు. పిడికిలి బిగించి సన్నటి సందులోంచి దూరంగా ఉన్న బోర్డు చూడు, మసక తగ్గి అక్షరాలు తేటపడతాయి. ఆ కన్నం కంటి ముందు పెట్టుకుంటే పిన్నూ టార్గెట్టూ ఒకేసారి స్పష్టంగా కనబడతాయి, అందుకే వద్దన్నారు. ఎడమ కన్ను మూయలేక నీకు తలనొప్పి వస్తోందని మీ అమ్మ చెప్పింది. ఆ కంటికి గంత కట్టుకో, లేదా ఆ అద్దానికి టేప్ అంటించుకో. అయితే మొత్తం మూసేయాలి. సగం అంటిస్తే టేప్ అంచు తల నిలుపుకోవడానికి గీతలా పనికొస్తుంది, జడ్జి ఊరుకోడు.

బాణం ఎక్కడ తగిలిందో చూసుకోవడానికి దుర్భిణీ పెట్టుకోవచ్చు. దాని పైకొస నీ చంక ఎత్తు దాటకూడదు.

పోటీకి ముందు సామాను తనిఖీ చేస్తారు. అప్పుడు టెన్షన్ పడొద్దు, అనుమానం ఉన్న వస్తువును నువ్వే తీసి జడ్జికి చూపించి అడుగు. దాచి ఆడి తర్వాత దొరికితే కొట్టిన స్కోరు మొత్తం పోవచ్చు. నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కాబట్టి నా ఉత్తరం చూపించి జడ్జితో వాదించవద్దు, మీ సార్‌తో కలిసి తాజా నియమావళి చూసుకోండి.

ఆ మూడు పిన్నుల సైట్ వాపసు తీసుకుంటారేమో అమ్మను కనుక్కోమను. తీసుకోకపోతే పారేయొద్దు, ఆదివారం ఇక్కడికి వచ్చేటప్పుడు పట్టుకురా. లైటూ బుడగా రెండు పిన్నులూ ఊడదీస్తే చెల్లుతుందేమో చూద్దాం. గొట్టం పొడవు కొలిచేందుకు స్కేలు నా దగ్గరుంది.

ఇట్లు,
మీ తాత