గుండుసూదుల వరస: కణత్వచం గురించి అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. పేపర్లు దిద్దేటప్పుడు కణత్వచం (కణాన్ని చుట్టి ఉండే పల్చటి పొర) ప్రశ్న వస్తే బొమ్మ ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. రెండు వరసల గుండుసూదులు, తలలు బయటికి, తోకలు లోపలికి, మధ్యలో అక్కడక్కడ బంగాళాదుంపల్లాంటి ప్రోటీన్లు. బొమ్మలో తప్పేం లేదు, మార్కులు వేసేస్తాను. ఇబ్బందంతా ఆ బొమ్మ కింద రాసే వాక్యాలతోనే. అవే మాటలు తర్వాత నూనె ప్యాకెట్ల మీద, క్రీముల ప్రకటనల్లో, మా బంధువుల కబుర్లలో ఎదురవుతుంటాయి.

అపోహ: కణత్వచం కణానికి ప్రహరీగోడ లాంటిది.

గోడ వేరు, త్వచం వేరు. మొక్కల కణాలకు నిజంగానే గోడ ఉంటుంది, దాన్ని కణకవచం అంటాం. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి ఆ గోడలే. లోపలి కణాలు అప్పటికే చచ్చిపోయి గోడలు మాత్రం మిగిలాయి. త్వచం ఆ గోడకు లోపలివైపు ఉంటుంది. దానిలోని లిపిడ్ల (కొవ్వు పదార్థాల) జంటపొర మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి ఇరవై వేలు పేరిస్తే ఒక మామూలు కాగితం మందం అవుతుంది.

ఇంత పల్చటి పొర ఏం ఆపుతుందని అడిగితే క్లాసులో మాగాయ సంగతి చెబుతాను. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే ఊట దిగుతుంది కదా. మొదట జరిగేది ద్రవాభిసరణ: బయట ఉప్పు ఎక్కువ, కాబట్టి కణాల్లోంచి నీరు బయటికి వస్తుంది. కణం బతికున్నంతసేపు త్వచం ఉప్పును అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు, లోపలి పులుపును బయటికి పోనివ్వదు. నీరు పోయి కణం చచ్చాక త్వచం పట్టు తప్పుతుంది. అప్పుడు ఉప్పు లోపలికి, పులుపు బయటికి. మాగాయకి రుచి పట్టేది ఆ తర్వాతే. నమ్మకం లేకపోతే బీట్‌రూట్ ముక్కలు బాగా కడిగి, కొన్ని చన్నీళ్లలో, కొన్ని మరిగే నీళ్లలో వేసి చూడండి. ఎర్రరంగు ఎక్కడ దిగుతుందో మీకే తెలుస్తుంది.

అపోహ: ఆ గుండుసూదులు ఎక్కడివక్కడే పాతుకుపోయి ఉంటాయి.

ఇక్కడ నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే నాకు ఇష్టమైన భాగం ఇదే.

బొమ్మలో ఒక్కో గుండుసూదీ ఒక్కో ఫాస్ఫోలిపిడ్ అణువు. దానికి నీటిని ఇష్టపడే తల ఒకటి, నీరంటే పడని తోకలు రెండు ఉంటాయి. త్వచంలో ఒక అణువును పక్క అణువుతో కట్టేసే బంధం ఏమీ లేదు. తోకలు నీటికి దూరంగా ఒకచోట చేరతాయి, అంతే. చారు మీద తేలే పోపు నూనె చుక్కలు ఒకదాన్నొకటి తగిలి కలిసిపోవడం చూసే ఉంటారు. త్వచానికి చిన్న చిల్లు పడితే దానంతటదే పూడుకోవడానికీ ఇదే కారణం. ఒక్కో లిపిడ్ అణువు తన పొరలో సెకనుకి సుమారు 2 మైక్రోమీటర్లు జరుగుతుంది. అంటే ఒక పెద్ద బాక్టీరియాని ఈ చివర నుంచి ఆ చివరకి సెకనులో దాటేస్తుంది. అయితే పై పొరలోంచి కింది పొరలోకి పల్టీ కొట్టడం మాత్రం చాలా అరుదు. ఆ పనికి విడిగా ఎంజైములు ఉన్నాయి.

ప్రోటీన్లు కూడా కదులుతాయని 1970లో ఫ్రై, ఎడిడిన్ చూపించారు. మనిషి కణాన్ని, ఎలుక కణాన్ని ఒకటిగా కలిపి, వాటి ప్రోటీన్లకు వేర్వేరు రంగులు తగిలించారు. మొదట సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. 37 డిగ్రీల దగ్గర ఉంచితే నలభై నిమిషాల్లో రెండు రంగులూ కలగలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే కలవలేదు. రెండేళ్లకి, 1972లో, సింగర్, నికల్సన్ ఫ్లూయిడ్ మొజాయిక్ మోడల్ ప్రతిపాదించారు. మన పిల్లలు రాసే పేరు ఇదే, కానీ అందులో 'ఫ్లూయిడ్' (ద్రవంలా కదిలేది) అన్న మాటను ఎవరూ పట్టించుకోరు.

రెండు వరసలన్న సంగతి తేలింది అంతకంటే చాలా ముందు, 1925లో. నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల లిపిడ్లను అసిటోన్‌తో తీసి నీటి మీద పరిచారు. అవి ఆక్రమించిన వైశాల్యం కణాల ఉపరితలానికి దాదాపు రెండింతలు వచ్చింది. తమాషా ఏమిటంటే వాళ్లు రెండు తప్పులు చేశారు. అసిటోన్‌తో లిపిడ్లన్నీ బయటికి రాలేదు, ఎండిన కణాలను కొలవడం వల్ల ఉపరితలం తక్కువగా తేలింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు కరెక్టు వచ్చింది! (ప్రాక్టికల్స్‌లో మా పిల్లలకీ ఒక్కోసారి ఇలాగే వస్తుంది. కానీ రికార్డులో స్టెప్పులు తప్పయితే నేను మార్కులు వేయను.)

అదే 1925లో అమెరికాలో, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫోలిపిడ్ తలలో ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి, త్వచంలో ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో తేల్చడానికి ఆ పద్ధతి, దానికి తర్వాత చేసిన మార్పులు దశాబ్దాలుగా వాడుతున్నారు. టెస్ట్‌ట్యూబులో నీలం తేలినప్పుడు ఆ పేరు చెప్తే వెనక బెంచీలు కూడా తల ఎత్తుతాయి.

అపోహ: త్వచంలో 52 శాతం ప్రోటీన్లు, 40 శాతం లిపిడ్లు.

ఇంటర్లో అందరూ బట్టీ పట్టిన లెక్క ఇది. అది మనిషి ఎర్ర రక్తకణం త్వచానిది, అన్ని త్వచాలదీ కాదు. నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగులో దాదాపు ఎనభై శాతం లిపిడ్లే, దాని పని విద్యుత్ తీగకు చుట్టిన ప్లాస్టిక్ లాంటిది మరి. మైటోకాండ్రియా లోపలి త్వచంలో ప్రోటీన్లే సుమారు డెబ్బై అయిదు శాతం. అక్కడ శక్తి తయారీ జరగాలి, యంత్రాలు కావాలి.

అపోహ: కొలెస్ట్రాల్ ఒంట్లో ఉండకూడని పదార్థం.

మీ ఎర్ర రక్తకణాల త్వచంలో దాదాపు ఒక్కో ఫాస్ఫోలిపిడ్ అణువుకి ఒక్కో కొలెస్ట్రాల్ అణువు ఉంది. వేడికి త్వచం మరీ పల్చబడకుండా, చలికి గడ్డకట్టకుండా చూసేది అదే. రక్తంలో ఎల్‌డీఎల్ ('చెడ్డ కొలెస్ట్రాల్' అంటారే, అది) పెరిగితే గుండెకు ముప్పు, అది నిజం. డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేయమని నేననడం లేదు. కానీ వేరుశనగ నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్దక్షరాలతో వేస్తే మురిసిపోకండి. మొక్కల నూనెల్లో అది లెక్కలోకి వచ్చేంత ఎప్పుడూ లేదు. మొక్కల త్వచాల్లో వాటి సొంత స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ జాతి పదార్థాలు) ఉంటాయి. శిలీంధ్రాల్లో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. తామరకు రాసే క్లోట్రిమజోల్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీనే దెబ్బతీస్తుంది.

అపోహ: చిన్న అణువైతే చాలు, త్వచంలోంచి దూరిపోతుంది.

త్వచం జల్లెడ కాదు. ఆక్సిజన్ సులువుగా వెళ్తుంది. సోడియం అయాన్ అంతకంటే పెద్దదేం కాదు, అయినా కొవ్వు పొరను దాటలేదు, ఎందుకంటే దానికి విద్యుదావేశం ఉంది. నీరు కొంత నేరుగా వెళ్లినా, వేగంగా పోవాలంటే ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ దారి కావాలి. దాన్ని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది.

దీనివల్ల ప్రాణాలు నిలిచిన సంగతి ఓఆర్‌ఎస్‌ది, అంటే విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, పంచదార నీళ్లది. అందులో పంచదార నీరసం తగ్గడానికో, రుచికో అనుకుంటారు. పేగు కణాల త్వచంలో ఒక ప్రోటీన్ ఉంది. గ్లూకోజ్‌నీ సోడియంనీ జతగానే లోపలికి తీసుకుంటుంది, వెనకే నీరు వెళ్తుంది. కలరా వచ్చినా ఈ దారి చెడిపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ దగ్గర, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లనే తాగించి ఎంతోమందిని బతికించారు. ఇంట్లో కలిపేటప్పుడు లీటరు నీటికి ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. తియ్యగా ఉంటే పిల్లాడు తాగుతాడని పంచదార పెంచకండి, పేగులోకి నీరు ఎదురు లాగుతుంది.

అపోహ: కొల్లాజెన్ క్రీము కణాల్లోకి ఇంకుతుంది.

కొల్లాజెన్ అణువు పొడవు 300 నానోమీటర్లు. పైన చెప్పిన 5 గుర్తు తెచ్చుకోండి. ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు.

అపోహ: చక్కెరలు శక్తి కోసమే.

మీ బ్లడ్ గ్రూప్ ఏమిటో తేల్చేది ఎర్రకణం త్వచం మీద బయటివైపు వేలాడే చక్కెర గొలుసులే. 'ఏ' గ్రూపుకీ 'బీ' గ్రూపుకీ తేడా ఆ గొలుసు చివర ఒక్క చక్కెర. ఆ చివరిది లేకుండా హెచ్ అనే మొదలు మాత్రమే ఉంటే 'ఓ' గ్రూపు. ఆ హెచ్ కూడా లేనివాళ్లు కొందరుంటారని 1952లో డాక్టర్ భేండే, ఆయన సహచరులు ముంబైలో గుర్తించారు. బాంబే గ్రూప్ అని పేరు వచ్చింది అలాగే. మామూలు స్లైడ్ టెస్టులో వీళ్లు 'ఓ' గానే కనిపిస్తారు, కార్డు మీద కూడా 'ఓ' అనే రాసి ఉండొచ్చు. కానీ 'ఓ' గ్రూపు రక్తం ఎక్కిస్తే ఒళ్లు ఊరుకోదు, వాళ్ల రక్తంలో హెచ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి. "గ్రూప్ తెలుసు కదా, మళ్లీ క్రాస్‌మ్యాచింగ్ ఎందుకు, టైం వేస్టు" అని (ఎక్కించే రక్తం రోగి రక్తానికి పడుతుందో లేదో చూసే పరీక్ష అది) బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర గొడవపడే బంధువులకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.