ఉద్యోగం పోయాక వినబడే మాటలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా పని రెజ్యూమేలు దిద్దడం, కంపెనీలకు మనుషుల్ని, మనుషులకు కంపెనీల్ని చూపెట్టడం. అంతకు ముందు హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌లో ఉన్నాను కాబట్టి తీసేసే రోజున బల్లకు అవతల ఏం మాట్లాడుకుంటారో కూడా తెలుసు. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన పిల్లలకంటే, ఐదారేళ్లు చేసి ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పజెప్పి వచ్చినవాళ్లు ఎక్కువ. వచ్చేసరికే ఎవరెవరో చెప్పిన మాటలు తలకెక్కించుకుని ఉంటారు. ఆ మాటల్లో చాలావరకు ఒకే చోట పుడతాయి: ఉద్యోగం పోయిందని ఎవరికీ తెలియొద్దన్న తాపత్రయం. ఆ దాపరికానికి ఎంత ఖర్చవుతుందో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు.

అపోహ: "రాజీనామా రాసిస్తేనే మంచిదట సార్. తీసేసిన్రని పడితే రికార్డు ఖరాబైతది."

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాది నిండిన కార్మికుణ్ణి తొలగించాలంటే కారణం చూపిస్తూ నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దానిపైన, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కిస్తారు. అంటే ఆరేళ్ల ఏడు నెలలు చేసినవాళ్లకు 105 రోజుల జీతం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఈ లెక్క ఇదే. కొత్త కోడ్‌లో ఇంకోటి కలిసింది: నైపుణ్యాలు పెంచుకోవడానికి మరో 15 రోజుల జీతం, తొలగించిన 45 రోజుల్లోపు ఖాతాలో పడాలి.

మీ చేత్తో మీరే రాజీనామా రాస్తే ఇవేవీ అడగడానికి ఉండదు. ఆ కాగితం కోసం హెచ్‌ఆర్ వాళ్లు అంత మర్యాదగా తొందరపెట్టేది అందుకే.

"మేం సాఫ్ట్‌వేరోళ్లం, కార్మికులం ఎట్లయితం?" అని చాలామంది అడుగుతారు. చట్టం చూసేది రోజూ మీరు చేసే పనిని. ప్రధానంగా మేనేజ్‌మెంట్, పరిపాలన పనులు చేసేవాళ్లు దీని కిందికి రారు. నెలకు 18,000 దాటిన జీతం తీసుకునే సూపర్‌వైజర్లూ రారు. సాంకేతిక పని, ఆఫీసు గుమాస్తా పని చేసేవాళ్లు మాత్రం జీతం ఎంతయినా నిర్వచనంలో ఉన్నారు. ఐడీ కార్డు మీద మేనేజర్ అని అచ్చేసినంత మాత్రాన హక్కు పోదు. కంపెనీ కాదంటే ముందు కార్మిక శాఖ అధికారుల దగ్గరికి, అక్కడ రాజీ కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

కాబట్టి ఆ మీటింగులో అనాల్సిన మాట ఒక్కటే: "మెయిల్ పెట్టండి సార్, చదివి చెప్తాను." అదే రోజు సంతకం చేయొద్దు. మెయిల్ బంద్ అయ్యేలోపు మీ జీతం స్లిప్పులు, ఆఫర్ లెటరు, ఫారం 16 (జీతం మీద కోసిన పన్ను లెక్క చూపే కాగితం) దింపుకోండి. కంపెనీ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, దాంతో లేనిపోని కేసు తగులుకుంటుంది. తీసేసినా, మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ ఇచ్చే సొమ్ము, వేరు: చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, ఆపైన సర్వీసు ఏళ్లతో గుణించండి. బేసిక్ 30,000, సర్వీసు ఆరేళ్లయితే లక్షా మూడు వేల పైచిలుకు వస్తుంది.

ఇక రికార్డు మాట. తర్వాతి కంపెనీ ఆరా తీసేది చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, క్రమశిక్షణ గొడవలేమైనా ఉన్నాయా అని. పొజిషన్ రద్దయిందని రాసిన లెటరు చూసి మొహం చిట్లించిన రిక్రూటర్ నాకైతే తగల్లేదు. వాళ్లలోనే చాలామంది అలాంటి లెటరు పట్టుకుని తిరిగినవాళ్లు.

అపోహ: "ఇంట్ల చెప్పొద్దు. నాయిన తట్టుకోడు, సంబంధాలు చెడిపోతయ్."

ఉప్పల్‌లోనో అమీర్‌పేటలోనో హాస్టల్ అద్దె కడుతూ, పండక్కి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని కాజీపేటలో దిగే పిల్లల్ని చూస్తుంటాను. బ్యాగులో ల్యాప్‌టాప్ ఉండదు. జీతం రానట్టు తెలియకూడదు కాబట్టి ఇంటికి పంపే డబ్బు క్రెడిట్ కార్డు మీద లాగుతారు. అప్పు అక్కణ్ణుంచి మొదలవుతుంది.

పరువు అంటారు గానీ, ఈ ప్రాంతానికి కొలువులు పోవడం కొత్త కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడ్డప్పుడు వరంగల్‌లో ఎన్ని ఇళ్లు ఆ దెబ్బ తినలేదు! 2014లో అటు మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ, ఇటు కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ఆగిపోయాయి. బోధన్, మెట్‌పల్లి చక్కెర ఫ్యాక్టరీలు 2015 చివర్లో. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని మిమ్మల్ని అడిగే పెద్దాయన కూడా ఒకప్పుడు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కాగితం మీద సంతకం పెట్టినవాడే కావచ్చు.

పైగా ఉద్యోగాలు దొరికే దారి చుట్టాలు, సీనియర్లు, క్లాస్‌మేట్లే. దాచిపెడితే ఆ దారి మీరే మూసుకున్నట్టు. చెప్పడానికి కూడా ఒక పద్ధతుంది. "అన్నా, ఏదన్నా ఉంటే చూడు" అంటే ఎవరూ ఏమీ చూడలేరు. "ఆరేళ్లు పేరోల్ చేశాను, టాలీ, శాప్ వచ్చు, హైదరాబాద్ అయినా వరంగల్ అయినా ఓకే, రేపే చేరతాను" అని రాస్తే, అది చదివినవాడు ఇంకొకడికి ఫార్వర్డ్ చేయగలడు.

రేపే చేరతాను అన్న ముక్క వదలొద్దు. చాలా కంపెనీల్లో నోటీసు పీరియడ్ 90 రోజులు. అందుకే రిక్రూటర్లు జాబ్ పోర్టళ్లలో వెంటనే చేరగలవాళ్లను విడిగా జల్లెడ పడతారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు లేని ఈ వెసులుబాటు మీకుంది, ప్రొఫైల్‌లో పైనే పెట్టండి.

అపోహ: "గ్యాప్ కనబడొద్దు. డబ్బులిస్తే ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తరు."

పెట్టిస్తారు. జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటరు, ఫోన్ చేస్తే "అవును, మా దగ్గరే చేసిండు" అని చెప్పే మనిషి, అంతా ప్యాకేజీ. పట్టుబడేది పీఎఫ్ దగ్గర. ఎన్ని కంపెనీలు మారినా మీ పీఎఫ్ నంబరు, యూఏఎన్, ఒక్కటే, ఏ కంపెనీ ఏ నెలనుంచి ఏ నెలదాకా డబ్బు కట్టిందో అందులో వరుసగా ఉంటుంది. వెరిఫికేషన్ ఏజెన్సీలు ఇప్పుడు ముందుగా అడిగేది ఆ సర్వీసు హిస్టరీనే. చేరిన మూడు నెలలకు రిపోర్టు వస్తే తీసివేతే. అప్పుడు కారణం ఖాళీగా ఉండడం అవదు, మోసం అవుతుంది. మొదటిదానికి సానుభూతి ఉంటుంది, రెండోదానికి ఉండదు. నిజాయితీగా రాసిన ఎనిమిది నెలల గ్యాప్‌తో ఆఫర్లు వచ్చినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఇంటర్వ్యూలో దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు పోవాలి, అంతే. పాత బాసును తిట్టడం మొదలుపెడితే అవకాశం అక్కడే పోతుంది.

ఒక చిన్న పని కూడా ఉంది. పాత కంపెనీ పీఎఫ్‌లో మీ నిష్క్రమణ తేదీ వేసిందో లేదో చూసుకోండి. వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

అపోహ: "పీఎఫ్ మొత్తం తీసేసుకో, ఎట్లైనా జాబు లేదు కదా."

ఇంటి ఖర్చుకు గత్యంతరం లేకపోతే కొంత తీసుకోండి, 75 శాతం వరకు వీలుంది. కానీ సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడొచ్చు. పింఛను భాగాన్ని కూడా లాగేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు సున్నా అయిపోతుంది. పింఛనుకు పదేళ్లు కావాలి. ఏడేళ్లు చేసి వెనక్కి తీసుకున్నవాళ్లు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే.

అపోహ: "ఇగ ప్రైవేటు వద్దు, గ్రూప్స్ రాస్త."

ఇంట్లో అందరికీ నచ్చే జవాబు ఇది, ఎందుకంటే "ఖాళీగా ఉన్నడు" అనాల్సిన చోట "ప్రిపేర్ అయితుండు" అనొచ్చు. చదవాలనుకుంటే చదవండి. అయితే క్యాలెండరు కూడా చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. హోమ్ లోన్ ఉన్న ముప్పై నాలుగేళ్ల మనిషి అన్నేళ్లు గ్రంథాలయంలో కూర్చోలేడు. ఉదయం చదువు, పగలు ఏదో ఒక ఉద్యోగం అన్నవాళ్లతోనే నేను ఏకీభవిస్తాను. మడికొండ ఐటీ సెజ్, గీసుగొండ - సంగెం మధ్య టెక్స్‌టైల్ పార్కు, హనుమకొండ ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలు, ఇవన్నీ హైదరాబాద్ కంటే తక్కువ జీతమే ఇస్తాయి. అద్దె, ప్రయాణం తీసేసి చేతిలో మిగిలేది పక్కపక్కన రాసుకుని చూడండి, తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

అపోహ: "కంపెనీ మళ్ల పిలుస్తది."

తొలగించిన ఏడాదిలోపు అదే పనికి మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని చట్టంలో ఉంది, అడగండి. ఎదురు చూడటం మాత్రం వద్దు. సిర్పూర్ మిల్లు మళ్లీ తెరుచుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం చోట మళ్లీ ఉత్పత్తి మొదలైంది 2021లో.

అపోహ: "ఏజెంటుకు కడితే గల్ఫ్‌లనో, పెద్ద కంపెనీల బ్యాక్‌డోర్‌లనో పని అయిపోతది."

బ్యాక్‌డోర్ అనేదే లేదు. ఏ కంపెనీ ఉద్యోగానికి డబ్బు తీసుకోదు. రిజిస్ట్రేషనని, ల్యాప్‌టాప్ డిపాజిట్టని అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే పంపి ఉంటే గంటలు గడవకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సొమ్ము బదిలీ కాకుండా ఆపే అవకాశం మొదట్లోనే ఎక్కువ. గల్ఫ్ విషయం వేరు, అక్కడ లైసెన్సున్న ఏజెంట్లు ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు బోర్డు చూసి నమ్మకుండా ఆ ఏజెన్సీ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో వెతకండి. సర్వీసు చార్జీ 30,000, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తా అన్నవాడి దగ్గర పాస్‌పోర్టు కూడా ఉంచొద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశాలకు మనుషుల్ని పంపుతుంది, ముందు అక్కడ అడిగి రండి.