రోబో సాండ్‌తో ఎస్‌సీసీ: సైట్లో వినే అపోహలు, అసలు సంగతులు

హన్మకొండ చుట్టుపక్కల సైట్లకు మిక్స్ డిజైన్, క్వాలిటీ పని చూస్తుంటాను. వైబ్రేటర్ లేకుండా తన బరువుకు తానే కడ్డీల సందుల్లోకి పారేది సెల్ఫ్ కాంపాక్టింగ్ కాంక్రీటు, అదే ఎస్‌సీసీ. ఇందులో ఎక్కువ వాదన జరిగేది ఇసుక దగ్గరే.

అపోహ: గోదావరి ఇసుక లేకపోతే ఎస్‌సీసీ పారదు.

పారుతుంది. రోబో సాండ్ అంటే రాయిని క్రషర్లో కొట్టి చేసే ఇసుక; దాని గింజలకు మూలలుంటాయి కాబట్టి పేస్ట్ (సిమెంటు, సన్నపొడి, నీళ్లు కలిసిన ముద్ద) కాస్త ఎక్కువ కావాలి, అంతవరకు నిజమే. కానీ ఆ పేస్టుకు పనికొచ్చే పొడి ఆ ఇసుకలోనే ఉంది. ఎస్‌సీసీలో 0.125 మి.మీ. కన్నా సన్నదంతా పౌడర్ లెక్కలోకే వస్తుంది. ఇది తెలియక, పొడి కనిపించగానే లోడు వాపస్ పంపేవాళ్లున్నారు. ఇసుక, కంకరలకున్న భారత ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం 75 మైక్రాన్ల కన్నా సన్నది నది ఇసుకలో 3 శాతం దాటకూడదు; క్రషర్ ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చు. భయపడాల్సింది రాతిపొడికి కాదు, మట్టికి. మట్టి నీళ్లనూ తాగుతుంది, కాంక్రీటు పారడానికి కలిపే ఖరీదైన రసాయనం, అడ్మిక్చర్‌నూ తాగుతుంది. తడి ఇసుక గుప్పిట్లో నలిపినప్పుడు చేతికి జిగటగా అంటుకుందంటే, మట్టి ఎంతుందో చెప్పే మిథిలీన్ బ్లూ టెస్ట్ అయ్యేదాకా ఆ లోడు దింపనివ్వను.

అపోహ: క్రషర్ డస్ట్ అన్నా రోబో సాండ్ అన్నా ఒకటే.

డస్ట్ కంకర కొట్టగా మిగిలిన తుక్కు. రోబో సాండ్ కోసమని వీఎస్‌ఐ (వర్టికల్ షాఫ్ట్ ఇంపాక్టర్) మిషన్లో రాయిని మళ్లీ కొట్టి, గింజ మూలలు తగ్గించి, జల్లిస్తారు. రేటు తక్కువని డస్ట్ తెచ్చి ఎస్‌సీసీ చేయమంటే నేను చేయను.

అపోహ: ఫ్లో (కోన్‌లో నింపి లేపితే ప్లేటు మీద కాంక్రీటు పరుచుకునే వెడల్పు) 700 మి.మీ. వచ్చిందంటే పాసైనట్టే.

ఒక వానాకాలం పొద్దున మొదటి బండి బాగానే వచ్చింది. రెండో బండికి లోడర్ కుప్ప అడుగు నుంచి తడి ఇసుక ఎత్తింది. ప్లేటు మీద కోన్ లేపితే సరిగ్గా 700 మి.మీ. పరుచుకుంది. కానీ కంకరంతా నడుమ కుప్పపడి, అంచు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున నీళ్లు. "ఏడొందలు వచ్చింది కద సార్" అన్నాడు మేస్త్రీ. ఘనపు మీటరుకు 900 కిలోల ఇసుక వేస్తే, తేమ 3 శాతం పెరిగినా 27 లీటర్ల నీళ్లు ఎవరూ పోయకుండానే కలిసినట్టు. బండి వాపస్ పంపాం, ఆ రోజంతా పంచాయితీ. అప్పటి నుంచి వాన పడ్డ రోజు గంటకోసారి పెనం మీద ఇసుక వేయించి తేమ చూస్తున్నాం. ఫ్లోతో పాటు ఎల్-బాక్స్ కూడా పెడతాం; కడ్డీల సందులోంచి దాటాక అవతలి చివర కాంక్రీటు ఎత్తుకూ ఇవతలి ఎత్తుకూ నిష్పత్తి 0.8 కన్నా తగ్గితే పోయం.

అపోహ: రామగుండం థర్మల్ ప్లాంటు బూడిద ఏదైనా ఇసుక బదులు వేయొచ్చు.

పొగతో పాటు పైకి పోయేటప్పుడు పట్టే ఫ్లై యాష్ సన్నగా, గుండ్రంగా ఉంటుంది, అది పౌడర్ కిందికే. ఇసుక బదులు చూడాల్సింది బాయిలర్ అడుగున పడే ముతక బూడిద, బాటమ్ యాష్; అదీ కొంత భాగమే. దాని గింజ నిండా రంధ్రాలు. ముందురోజే తడిపి పెట్టకపోతే మిక్సులోని నీళ్లు పీల్చుకుంటుంది; ప్లాంటులో పారిన కాంక్రీటు సైటుకు వచ్చేసరికి పంపులో పట్టేస్తుంది.