సర్టిఫికెట్లకు అల్పాయుష్షే మేలు

సెక్యూరిటీ సర్టిఫికెట్‌లో రహస్యమేమీ ఉండదు. ఒకటి రెండు కిలోబైట్ల చిన్న ఫైలు అది. ఏ వెబ్‌సైట్ సర్టిఫికెట్‌నైనా బ్రౌజర్‌లో తెరిచి ఎవరైనా చదువుకోవచ్చు. ఫలానా పేరున్న సర్వర్ పబ్లిక్ కీ (ఎవరికైనా ఇవ్వగల తాళంచెవి లాంటి పెద్ద సంఖ్య) ఇదీ, ఈ మాట ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకే చెల్లుతుంది, దీనికి పూచీ మాది అంటూ ఒక సంస్థ పెట్టిన డిజిటల్ సంతకం: ప్రధానంగా అందులో ఉండేది ఇంతే. దాచుకోవలసింది ఆ పబ్లిక్ కీకి జోడీగా సర్వర్ దగ్గరుండే ప్రైవేట్ కీని. అయినా క్లౌడ్‌లో సర్వర్లు నడిపేవాళ్లను ఎక్కువగా కంగారుపెట్టేది అందరికీ కనిపించే ఆ రెండో తేదీయే, అంటే గడువు తీరే రోజే. అది దాటితే మామూలుగా అవతలివాళ్లు ఆ సర్టిఫికెట్‌ను ఒప్పుకోరు.

2018 డిసెంబర్ 6న తెల్లవారేసరికి బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ మీద ఆధారపడిన కోట్ల ఫోన్లకు ఇంటర్నెట్ పోయింది. అదే రోజు జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ నెట్‌వర్క్ కూడా కొన్ని గంటలు మూగబోయింది. రెండు నెట్‌వర్క్‌లకూ పరికరాలిచ్చిన ఎరిక్సన్ కంపెనీ ఆరా తీస్తే, తమ సాఫ్ట్‌వేర్‌లోని ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే ప్రధాన కారణమని తేలింది. ఎవరూ దాడి చేయలేదు, ఏ యంత్రమూ పాడవలేదు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆగిపోయినప్పుడూ, 2013 ఫిబ్రవరిలో అదే సంస్థ క్లౌడ్ సేవ అజూర్ స్టోరేజ్ కుంటుపడినప్పుడూ కారణం ఇదే. ఇంత పెద్ద సంస్థలకే ఇలా జరిగిందంటే, ఎవరో ఒక ఉద్యోగి ఏమరుపాటు మీద నెట్టేసి ఊరుకునే విషయం కాదిది. అసలు గడువు ఎందుకు పెట్టారో తెలిస్తేగాని దాన్ని ఎలా సంభాళించాలో తెలియదు.

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ పబ్లిక్ కీ ఆలోచనను ప్రకటించారు. అంతకుముందు ఇద్దరు రహస్యంగా మాట్లాడుకోవాలంటే ముందే ఒక రహస్య కీని పంచుకొని ఉండాలి. పబ్లిక్ కీతో ఆ ఇబ్బంది తీరింది గానీ ఇంకో ప్రశ్న పుట్టింది: నా చేతికొచ్చిన ఈ కీ నిజంగా నేననుకుంటున్నవాళ్లదేనా? అందరి కీలనూ ఒక బహిరంగ పట్టికలో ఉంచి, అవసరమైనప్పుడల్లా అక్కడ అడిగి తెలుసుకోవచ్చన్నది తొలి ఊహ. అలాగైతే ప్రతి సంభాషణకూ ముందు ఆ పట్టిక గుమ్మం తొక్కాలి. 1978లో ఎంఐటీ విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ తన డిగ్రీ థీసిస్‌లో ఒక చక్కని ఉపాయం చెప్పాడు. పేరునూ కీనూ కలిపి, అందరూ నమ్మే సంస్థ ఒకసారి సంతకం చేసి ఇచ్చేస్తే చాలు. ఆ పత్రాన్ని కీ యజమానే వెంట ఉంచుకొని అడిగినవాళ్లకు చూపిస్తాడు. చూసినవాళ్లు సంతకం సరిపోల్చుకుంటారు, ఇక ఎవరినీ అడిగే పని లేదు. ఆ పత్రానికి అతను పెట్టిన పేరే సర్టిఫికెట్. 1988లో వచ్చిన ఎక్స్.509 ప్రమాణం ఆ ఊహకు ఒక రూపం ఇచ్చింది. ఈరోజు వెబ్ అంతా నడుస్తున్నది ఆ ప్రమాణం తర్వాతి కూర్పుల మీదే.

ఎవరినీ అడగనక్కర్లేదన్న సౌకర్యంలోనే చిక్కు కూడా ఉంది. ఒకసారి సంతకం చేసి బయటికిచ్చిన పత్రాన్ని వెనక్కి తీసుకోవడం ఎలా? ప్రైవేట్ కీ దొంగల చేతిలో పడితే, ఆ సర్టిఫికెట్ చెల్లదని లోకానికి ఎలా చెప్పాలి? మొదట రద్దు జాబితాలు వచ్చాయి. అవి పెరిగి పెద్దవై, ప్రతి బ్రౌజరూ దించుకోవడం బరువైపోయింది. తర్వాత ఓసీఎస్‌పీ అనే పద్ధతి వచ్చింది. ఈ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా అని బ్రౌజర్ ఎప్పటికప్పుడు దాన్ని జారీ చేసిన సంస్థను అడగాలి. అంటే కోన్‌ఫెల్డర్ తప్పించిన గుమ్మం దగ్గరికే మళ్లీ వచ్చాం. పైగా ఎవరు ఏ సైట్‌కు వెళ్తున్నారో ఆ సంస్థకు తెలిసిపోతుంది. జవాబు రాకపోతే చాలా బ్రౌజర్లు సరేలెమ్మని ముందుకెళ్లిపోయేవి, ఎందుకంటే ఆగితే సగం ఇంటర్నెట్ ఆగిపోయేలా ఉండేది. దారి మధ్యలో మాటువేసిన దొంగకు ఆ జవాబును అడ్డుకోవడం ఎంతసేపు పని?

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఈ బలహీనత అందరికీ తెలిసొచ్చింది. ఎన్‌క్రిప్షన్ కోసం ఎన్నో సర్వర్లు వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలోని ఆ లోపంతో సర్వర్ మెమరీలోని ముక్కలను, ఒక్కోసారి ప్రైవేట్ కీని కూడా, బయటివాళ్లు లాగేయగలిగారు. అప్పుడు సర్టిఫికెట్లను పెద్ద సంఖ్యలో రద్దు చేయాల్సి వచ్చింది. రద్దయిందన్న కబురు అందరికీ నమ్మకంగా చేరే దారి మాత్రం లేదు.

కబురు పంపకుండానే తప్పకుండా పనిచేసేది ఒక్కటే, గడువు తేదీ. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు, అవతలివాళ్ల గడియారం సరిగా ఉంటే చాలు. నేను గడువును ఒక అడ్డంకిగా చూడలేకపోవడానికి కారణం ఇదే. సర్టిఫికెట్‌లో రాసి ఉన్నది ఒకనాడు సరిచూసిన నిజం. డొమైన్ చేతులు మారవచ్చు, కీ పోవచ్చు, కంపెనీ మూతపడవచ్చు. ఆనాటి నిజం ఎన్నాళ్లు నిలుస్తుందని పూచీ పడగలమో అంతవరకే రాయడం నిజాయితీ. అందుకే ఏళ్ల తరబడి ఆ అంకె దిగుతూ వస్తోంది. ఒకప్పుడు అయిదేళ్ల సర్టిఫికెట్లు మామూలే. 2015లో 39 నెలలు, 2018లో 825 రోజులు, 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులు గరిష్ఠ పరిమితి అయింది. జారీ సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ కలిసి నడిపే సీఏ బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో ఆపిల్ ప్రతిపాదనను ఆమోదించింది. దాని ప్రకారం ఈ పరిమితి 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఉచితంగా సర్టిఫికెట్లు జారీ చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మొదటినుంచీ 90 రోజులకే ఇస్తోంది. ఇప్పుడు కోరినవాళ్లకు 160 గంటల, అంటే ఆరు రోజులకు పైచిలుకు, సర్టిఫికెట్లూ ఇస్తోంది. అంత తక్కువ ఆయుష్షు ఉన్నదాన్ని రద్దు చేయాల్సిన అవసరమే పెద్దగా రాదు. ఓసీఎస్‌పీ సేవను ఆ సంస్థ 2025 ఆగస్టులో పూర్తిగా ఆపేసింది.

47 రోజులకోసారి చేత్తో మార్చడం ఎవరి వల్లా కాదు. ఆ పరిమితి ఉద్దేశాల్లో ఒకటి కూడా అదే, మనిషిని ఆ పని నుంచి తప్పించడం. ఈ పనికి ఆక్మీ అనే ప్రోటోకాల్ ఉంది, 2019లో ప్రమాణమైంది. మీ సర్వర్‌లోని చిన్న ప్రోగ్రామ్ జారీ సంస్థను సర్టిఫికెట్ అడుగుతుంది. ఆ డొమైన్ నీదైతే ఈ గుర్తును అక్కడ పెట్టి చూపించు అంటుంది సంస్థ. ప్రోగ్రామ్ ఆ గుర్తును వెబ్‌సైట్‌లో ఒక నిర్ణీత చోట గానీ, డొమైన్ పేర్ల పట్టిక అయిన డీఎన్ఎస్‌లో ఒక రికార్డుగా గానీ పెడుతుంది. సంస్థ వచ్చి చూసుకొని సంతకం చేస్తుంది. ప్రైవేట్ కీ సర్వర్ దాటి బయటికి రాదు. అంతా నిమిషాల్లో, మనిషి చెయ్యి పడకుండానే అయిపోతుంది.

క్లౌడ్‌లోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. పాతకాలపు సర్వర్‌కు స్థిరమైన చోటు, చిరునామా, పేరు ఉండేవి. క్లౌడ్‌లో కంటైనర్లు, అంటే ప్రోగ్రామ్‌లు నడిచే చిన్న విడి గూళ్లు, నిమిషాల్లో పుట్టి పోతుంటాయి. ఈ గంట ఒక సేవ వాడిన ఐపీ అడ్రస్‌ను వచ్చే గంటలో ఇంకొకటి వాడుకుంటుంది. కాబట్టి అడ్రస్‌ను చూసి ఎవరినీ గుర్తుపట్టలేం. ఒక సేవ ఇంకో సేవతో మాట్లాడేటప్పుడు ఇద్దరూ సర్టిఫికెట్లు చూపించుకోవడమే నమ్మదగ్గ పద్ధతి. బయటి జనం చూసే సర్టిఫికెట్లు పదో ఇరవయ్యో ఉంటే, లోపల ఇలా పుట్టేవి వేలల్లో ఉండొచ్చు. సేవల మధ్య మాటలను చూసుకునే ఇస్టియో లాంటి సర్వీస్ మెష్‌లో వీటి ఆయుష్షు మామూలుగా 24 గంటలే, గడువుకు ముందే అవి వాటంతటవే కొత్తవి తెచ్చుకుంటాయి. విచిత్రమేమిటంటే, రోజూ మారే ఈ వేల సర్టిఫికెట్లతో వచ్చే తంటా తక్కువ. ఏడాదికోసారి మారేది ఒకటుంటే దానితోనే తంటా. ఏడాదిలో చేసిన మనిషి మారిపోతాడు, ఎలా చేశారో రాసుకున్న కాగితం పాతబడిపోతుంది. కుబేడీఎమ్ అనే పనిముట్టుతో కట్టిన కుబెర్నెటీస్ క్లస్టర్ (కంటైనర్లను నడిపే సర్వర్ల గుంపు) దీనికి మంచి ఉదాహరణ. దాని లోపలి సర్టిఫికెట్లకు ఏడాది గడువు, క్లస్టర్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు అవీ కొత్తవవుతాయి. బాగానే నడుస్తోంది కదా అని ఏడాదిపాటు ముట్టుకోకుండా వదిలేసిన క్లస్టర్ ఒక ఉదయం తన యజమాని మాటే వినదు.

క్లౌడ్ సంస్థలు సర్టిఫికెట్ల నిర్వహణను తామే చూసుకుంటామంటూ సేవలు ఇస్తున్నాయి. అమెజాన్ వాళ్ల సర్టిఫికెట్ మేనేజర్ 2016 జనవరిలో మొదలైంది. వచ్చే వినతులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌కు తగిలిస్తే చాలు, దాన్ని అదే పొడిగించుకుంటుంది. నేనైతే అవకాశం ఉన్నచోటల్లా ఇలాంటివే వాడమంటాను. అయితే రెండు గోతులు తెలుసుకొని ఉండాలి. బయట కొని అందులోకి ఎక్కించిన సర్టిఫికెట్ కూడా అదే తెరమీద, అదే వరుసలో కనిపిస్తుంది, కానీ దాన్ని ఆ సేవ పొడిగించదు. ఇక రెండోది ఇంకా లోతైనది. డొమైన్ మీదేనని రుజువుగా డీఎన్ఎస్‌లో మొదట పెట్టిన రికార్డు అక్కడే ఉండాలి, ప్రతి పొడిగింపుకూ సేవ దాన్నే చూస్తుంది. కొన్ని నెలల తర్వాత ఎవరో డీఎన్ఎస్‌ను శుభ్రం చేస్తూ, అర్థంకాని అక్షరాలతో ఉన్న ఆ వరుసను పనికిరానిదనుకొని తీసేస్తారు. ఆరోజు ఏమీ జరగదు. పొడిగింపు రోజు వచ్చాకగాని దెబ్బ తెలియదు, అప్పటికి ఆ శుభ్రం చేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

కొత్త సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన దాన్ని వాడుతున్నట్టు కాదన్నది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. చాలా సర్వర్ ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు ఒక్కసారి సర్టిఫికెట్‌ను చదివి మెమరీలో పెట్టుకుంటాయి. డిస్క్ మీద ఫైలు మారినా, మళ్లీ చదవమని చెప్పేదాకా పాతదాన్నే చూపిస్తుంటాయి. పొడిగించే ప్రోగ్రామ్ లాగ్‌లో అంతా సవ్యంగా ఉంటుంది, ఫైల్‌లో తేదీ కొత్తదే ఉంటుంది, బయటివాళ్లకు మాత్రం పాతది కనిపిస్తూ ఉంటుంది. అందుకే కాపలా బయటినుంచి కాయాలి. మామూలు వినియోగదారు లాగే ప్రతి చిరునామాకూ కనెక్ట్ అయి, అక్కడ చూపించిన సర్టిఫికెట్‌లో తేదీ చదివి, ఇన్ని రోజులే మిగిలాయని అరిచే ఏర్పాటు ఉండాలి. ఒకే పేరు వెనక పది సర్వర్లుంటే పదింటినీ విడివిడిగా చూడాలి. తొమ్మిది కొత్తది పెట్టుకొని ఒకటి మరిచిపోతే, పదింట ఒక వంతు జనానికి మాత్రమే సైట్ తెరుచుకోదు, అలాంటి ఫిర్యాదును నమ్మించడం చాలా కష్టం.

గడువు తీరితే అంతా ఆగిపోతుందనీ అనుకోకూడదు. 2017లో అమెరికాలో జనం అప్పుల చరిత్ర ఉంచే ఈక్విఫ్యాక్స్ సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. లోపలినుంచి బయటికి వెళ్లే ఎన్‌క్రిప్టెడ్ రద్దీని, అంటే డేటా రాకపోకలను, తెరిచి చూసే పరికరం ఒకటి అక్కడ ఉంది. దాని సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. రద్దీ ఆగలేదు, తనిఖీ ఆగింది. ఆ ఏడాది జులై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టగానే అనుమానాస్పదమైన రద్దీ కనిపించింది. అప్పటికి చొరబాటుదార్లు రెండున్నర నెలలుగా లోపలే ఉన్నారు. ఆగిపోయిన వెబ్‌సైట్ గురించి పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. చూపుపోయిన కాపలా పరికరం గురించి ఎవరూ చెయ్యరు.

మరి మన దగ్గర ఏయే సర్టిఫికెట్లున్నాయో తెలిసేదెలా? బహిరంగమైనవాటికి ఒక మంచి దారి ఉంది, దాని వెనక ఒక చేదు కథ కూడా. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే జారీ సంస్థలోకి దొంగలు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. గూగుల్ పేరుతో పుట్టించినదాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద ప్రయోగించారు. బ్రౌజర్లు ఆ సంస్థను నమ్మడం మానేశాయి, ఆ సెప్టెంబర్‌లోనే అది దివాలా తీసింది. జారీ చేసిన ప్రతి సర్టిఫికెట్‌నూ ఎవరూ చెరపలేని బహిరంగ చిట్టాల్లోకి ఎక్కించాలన్న సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ పద్ధతి దీని తర్వాతే వచ్చింది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవాటికి క్రోమ్ దీన్ని తప్పనిసరి చేసింది. మీ డొమైన్ పేరుతో ఆ చిట్టాల్లో వెతికితే మీరు మరిచిపోయినవీ, మీకు తెలియకుండా మీ సంస్థలోనే ఎవరో తీసుకున్నవీ బయటపడతాయి. అవే చిట్టాలను దొంగలూ చదువుతారు గనక, బయటికి తెలియకూడని లోపలి సర్వర్ పేర్లకు బహిరంగ సర్టిఫికెట్ తీసుకోకపోవడం మంచిది. సొంత జారీ వ్యవస్థతో ఇచ్చుకునేవి ఈ చిట్టాల్లో ఉండవు, వాటి లెక్క మనమే రాసుకోవాలి. ఆ లెక్కలో ప్రతి సర్టిఫికెట్ పక్కనా దాన్ని చూసుకునే బృందం పేరు ఉండాలి. ఒక మనిషి పేరు రాస్తే, ఆ మనిషి వెళ్లిపోయిన మర్నాడే అది అనాథ అవుతుంది.

ఇక గడువుకు ముందే అన్నీ ఒకేసారి మార్చాల్సిన రోజు కూడా వస్తుంది. 2020లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు కనిపెట్టి, సుమారు 30 లక్షల సర్టిఫికెట్లను కొద్ది రోజుల్లోనే మార్చుకోవాలని ప్రకటించింది. ఇప్పుడు ఆక్మీకి ఒక చేర్పు వచ్చింది. ఎప్పుడు పొడిగించుకోమంటారని సర్వర్లే జారీ సంస్థను తరచూ అడుగుతాయి, సంస్థ ఇప్పుడే అంటే ఇప్పుడే మార్చుకుంటాయి. ఈ ఏర్పాటున్న ప్రోగ్రామ్‌ను ఎంచుకుంటే అలాంటి రాత్రి మీరు లేవక్కర్లేదు.

వెబ్‌సైట్లు వాడే ఆకుల్లాంటి సర్టిఫికెట్ల ఆయుష్షు ఇలా రోజుల్లోకి దిగుతుంటే, వాటికి పూచీ పడే పరంపరలో అన్నిటికన్నా పైనున్న రూట్ సర్టిఫికెట్లు ఏళ్లతరబడి బతుకుతాయి. నెట్‌వర్క్ తగలని గదుల్లో ప్రత్యేక యంత్రాల్లో వాటి కీలను దాచి ఉంచుతారు. ఫోన్లలో, కంప్యూటర్లలో, గోడల్లో బిగించిన పరికరాల్లో ఆ రూట్‌ల జాబితా ముందే నింపి వస్తుంది. ఆ జాబితా కొత్తవకపోతే ఆక్మీ గానీ, రోజూ మారే సర్టిఫికెట్లు గానీ ఏమీ చేయలేవు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ గడువు తీరినప్పుడు, అప్‌డేట్లు అందని పాత పరికరాలు ఎన్నో సైట్లకు దూరమయ్యాయి. దాని స్థానంలోకి వచ్చిన ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 గడువు 2035 జూన్ 4. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకొని ఈరోజు బిగిస్తున్న పరికరాలు, జాబితా మార్చుకునే దారి వాటికి ఉంటే తప్ప, ఆ తేదీ వైపే నడుస్తున్నాయి.