"బూతులు ఎక్కువయ్యాయి" అన్నారని సినిమాను కోసేయకండి: రాజకీయ వ్యంగ్యంపై అపోహలు – వాస్తవాలు

మొన్న రాత్రి ఒక యువ దర్శకుడు ఫోన్ చేశాడు. తీసింది రాజకీయ వ్యంగ్యం. పాత్రలు నోరు తెరిస్తే తిట్లే. తెలిసినవాళ్లకు ప్రివ్యూ వేశాడట. "అన్నా, సగం మంది బూతులు ఎక్కువ అని రాశారు. అన్నీ మ్యూట్ చేసేద్దాం. రేపు పొద్దున్నే వచ్చేయనా?" అన్నాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదని గొంతు వింటేనే తెలుస్తోంది. ఎడిటర్‌గా ఇలాంటి ఫోన్లు నాకు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ప్రేక్షకులు "బూతులు ఎక్కువ" అంటే ఆ మాటలు తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. వ్యంగ్య సినిమాలను ఇంతగా పాడుచేసిన అపోహ ఇంకొకటి నేను చూడలేదు. ప్రేక్షకుడికి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో విడమరిచి చెప్పడం అతని పని కాదు. ప్రివ్యూ అయ్యాక అభిప్రాయం రాయమని ఇచ్చే ఫారం మీద ఉన్నది రెండు గీతల జాగా, చేతిలో ఉన్నది రెండు నిమిషాల సమయం. అందరికీ సులువుగా అందే మాట "బూతులు", అదే రాసి వెళ్లిపోతాడు. గుచ్చుకున్న చోటు వెతకవలసింది మనం.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక సినిమాలో మంత్రి పేషీ సన్నివేశం ఉంది. మంత్రి ఫోన్‌లో ఉన్నంతసేపూ అధికారి నడుం వంచి "అయ్యా, చిత్తం, తమరు చెప్పినట్టే" అంటుంటాడు. ఫోన్ పెట్టేసిన మరుక్షణం అదే మంత్రిని అందరి ముందూ ఒక పచ్చి బూతుతో తిడతాడు. మూల బల్ల దగ్గర నోట్ రాసుకుంటున్న గుమాస్తా తల ఎత్తకుండా, "ఆ మాట కూడా రాయమంటారా సార్?" అని అడుగుతాడు. మొదటి ప్రివ్యూలో హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో తరువాతి డైలాగు కొట్టుకుపోతోందని గుమాస్తా ముఖం మీద మరో 48 ఫ్రేములు పెంచాను. అంటే రెండు సెకన్లు. నవ్వు తగ్గడానికి ఆ మాత్రం చోటు కావాలి.

ఫారాలు చూసి దర్శకుడు బెదిరిపోయాడు. తిట్లన్నీ మ్యూట్ చేయించాడు. నేను వద్దన్నాను, కానీ గట్టిగా వద్దనలేదు. అది నా తప్పే. రెండో ప్రివ్యూలో గుమాస్తా "ఆ మాట కూడా రాయమంటారా సార్?" అన్నప్పుడు ఒక్కరూ నవ్వలేదు. ఏ మాట? వినపడితే కదా! నా ముందు వరుసలో ఒకాయన పక్కాయన వైపు వంగి "ఏమన్నాడు?" అని అడిగాడు. ఆయన జవాబు చెప్పేలోగా సన్నివేశం దాటిపోయింది. పైగా హడావిడిలో శబ్దాలన్నీ కలిపేసిన ఫైనల్ మిక్స్ మీదే మ్యూట్ కొట్టాం. మాటతో పాటు గదిలో ఫ్యాను చప్పుడూ ఆగిపోయింది. హాలులో చెవి మూసుకుపోయినట్టు అనిపించింది. మ్యూట్ చేసినా పెదవులు కనిపిస్తూనే ఉంటాయి. ప, బ, మ అక్షరాలకు రెండు పెదవులూ కలుస్తాయి కాబట్టి చూసేవాళ్లు మాటను ఊహించేస్తారు. కొన్నిసార్లు రచయిత రాసినదానికన్నా ఘోరమైనదే ఊహిస్తారు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. అన్నీ మ్యూట్ చేసిన ఆ రెండో ప్రివ్యూ ఫారాల్లో కూడా "బూతులు ఎక్కువ" అనే ఉంది.

బయట మెట్ల దగ్గర ఒక పెద్దావిడ చెప్పులు వేసుకుంటుంటే వెళ్లి అడిగాను. "అమ్మా, మీకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" ఆవిడ కాసేపు ఆలోచించింది. "తిట్లకేముంది బాబూ, మా ఇంట్లో మగవాళ్ల నోట అంతకన్నా పెద్దవే విన్నాను. ఆ ఊడ్చే పిల్లను అన్నాడు చూడు, అది మాత్రం వినలేకపోయాను" అంది. సినిమా మధ్యలో అదే అధికారి ఆఫీసు ఊడ్చే అమ్మాయి మీద కసురుకుంటాడు. ఆ అమ్మాయి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. నలభై సెకన్ల ముక్క. అందులో బూతు అనదగ్గ మాట ఒక్కటీ లేదు కాబట్టి మ్యూట్ చేసేటప్పుడు దాని జోలికే పోలేదు. అది హాస్యం అనుకుని తీశారు, హాస్యం అనుకునే నేనూ కూర్చాను. మర్నాడు ఆ నలభై సెకన్లు తీసేసి, పేషీలో బూతును మళ్లీ పెట్టాం. మూడో ప్రివ్యూలో నవ్వు తిరిగి వచ్చింది. ఫిర్యాదులు పూర్తిగా పోలేదు, కానీ బాగా తగ్గాయి.

అప్పటి నుంచి నేను తిట్లు లెక్కపెట్టను. తిట్టు ఎవరి నోటి నుంచి ఎవరి మీదికి పోతోందో చూస్తాను. కింద ఉన్నవాడు పైవాడిని తిడితే హాలు నవ్వుతుంది. పైవాడు కింద ఉన్నవాడిని తిడితే చాలామందికి తమ ఇంట్లోనో, ఆఫీసులోనో పడ్డ మాట గుర్తుకొస్తుంది. తెలుగులో ఇంకొక సంగతి కూడా ఉంది. మన వ్యంగ్యానికి అసలు బలం "మీరు" నుంచి "నువ్వు"లోకి, "గారు" నుంచి "ఒరేయ్"లోకి జారే క్షణంలో ఉంటుంది. ఆ జారుడు దగ్గర ఒక్క తిట్టు పడితే చాలు. మొదటి రీలు నుంచీ ప్రతి వాక్యం చివరా బూతు పెడితే చెవి అలవాటు పడిపోతుంది, పేలవలసిన చోట ఆ మాట తడిసిన టపాకాయ అవుతుంది. అలా పులుముకున్న బూతులు నిర్మొహమాటంగా తీసేయండి. అవి రచయిత బద్ధకం తప్ప మరేమీ కాదు.

"బూతులు ఎక్కువ" అన్న మాటకు ఒక్కోసారి "పక్కన మామగారు కూర్చున్నారు" అని అర్థం. స్నేహితులతో చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాడే ఇంట్లోవాళ్లతో చూస్తే బిగుసుకుపోతాడు. అతన్ని తప్పుపట్టవలసిన పని లేదు, సినిమానూ తప్పుపట్టనక్కర్లేదు. స్నేహితుల గుంపుకు ఒక ప్రివ్యూ, కుటుంబాలకు ఒక ప్రివ్యూ విడివిడిగా వేయండి. కలిపి వేస్తే ఇద్దరి స్పందనా మీకు దొరకదు.

అపోహ: బూతులు లేకపోతే రాజకీయ వ్యంగ్యంతో గొడవలు రావు.

వాస్తవం: అధికారంలో ఉన్నవాళ్లకు కోపం వచ్చేది తిట్టుకు కాదు, తెర మీది పాత్రకు తమతో ఉన్న పోలికకు. హిందీ రాజకీయ వ్యంగ్య చిత్రం "కిస్సా కుర్సీ కా" 1975లో సెన్సారుకు వెళ్లింది. ఎమర్జెన్సీ రోజుల్లో ప్రింట్లతో సహా స్వాధీనం చేసుకుని తగలబెట్టేశారు. దాన్ని మళ్లీ తీసి 1978లో విడుదల చేయవలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో బెంగాలీ వ్యంగ్య చిత్రం "భవిష్యతేర్ భూత్" సర్టిఫికెట్ ఉండి కూడా విడుదలైన మర్నాటికే థియేటర్ల నుంచి మాయమైంది. సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ నిర్మాతకు 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ రెండు గొడవలకూ మూలం బూతులు కావు. భయపడి తిట్లు తీసేసుకున్నంత మాత్రాన మీకు రక్షణ దొరకదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను.

బూతు వినపడితే చాలు సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇవ్వదనేది ఉత్త పుకారు. కోతలు అడగవచ్చు, పెద్దలకు మాత్రమే అనే "ఎ" ఇవ్వవచ్చు. "బాండిట్ క్వీన్" సినిమా కేసులో 1996లో సుప్రీంకోర్టు, వీధుల్లో రోజూ వినపడే తిట్లను అంతగా పట్టించుకోనక్కర్లేదని, సినిమాలో వాడినంత మాత్రాన పెద్దవాళ్లెవరికీ వాటిని వాడాలని అనిపించదని చెప్పింది. బోర్డు నిర్ణయం నచ్చనివాళ్లు వెళ్లే అప్పీలు ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు కాబట్టి ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి. చిన్న నిర్మాతకు అది మోయలేని ఖర్చు, కాబట్టి కోతల జాబితా మీద ముందే కూర్చుని ఆలోచించండి.

సర్టిఫికెట్ వచ్చాక "ప్రేక్షకులు అడిగారు" అని బోర్డుకు చెప్పకుండా మాటలు కలపకూడదు, తీయకూడదు. ఈ పని చేసి చిక్కుల్లో పడ్డవాళ్లను చూశాను.

ఓటీటీకి నియమాలే లేవనడం తప్పు. 2021 ఐటీ నియమాల ప్రకారం వయసు వర్గీకరణ ఓటీటీ సంస్థలే వేసుకుని తెర మీద చూపించాలి. "ఎ" సినిమాను అలాగే టీవీలో వేయడం కుదరదు, మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

బూతుతో విమర్శ మన సంప్రదాయం కాదంటారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మాట్లాడింది ఏ భాష? పద్దెనిమిదో శతాబ్దంలో కూచిమంచి జగ్గకవి తనను ఆదరించని ప్రభువు మీద "చంద్రరేఖా విలాపం" రాశాడు. దానితో పోలిస్తే ఇప్పటి సినిమాల నోరు చాలా మెత్తన. అది మంచి సంప్రదాయమా కాదా అన్నది వేరే చర్చ.

హాలు నిశ్శబ్దంగా ఉంటే సినిమా పోయినట్టే అని కంగారు పడకండి. పది మంది చూసిన ప్రివ్యూలో నవ్వు రాకపోవడం మామూలే. నవ్వు గుంపులోనే అంటుకుంటుంది, సగం ఖాళీ హాలులో ఎంత మంచి జోకైనా చల్లగా పడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. "ఎ" సినిమాకు 18 ఏళ్లలోపు పిల్లలను మీరు వెంట ఉన్నా లోపలికి పంపరు. యుఎ 7+, 13+, 16+ అని ఉన్నవాటికి మాత్రమే నిర్ణయం మీది. నోటి దురుసు వ్యంగ్యాలు ఎక్కువగా "ఎ"లోనే వస్తాయి. పోస్టరు మీద గుర్తు చూసి టికెట్ కొనండి. గేటు దగ్గరి కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతను పంపిస్తే చిక్కు థియేటరుకే.

ఆ యువ దర్శకుడికి మ్యూట్ చేయని కాపీయే తెమ్మన్నాను. వచ్చేలోపు ఫారాలు రాసినవాళ్లలో పది మందికి ఫోన్ చేసి, బూతుల ప్రస్తావన తేకుండా "ఏ సన్నివేశం దగ్గర ఇబ్బంది పడ్డారు?" అని మాత్రం అడగమన్నాను. నిన్న సాయంత్రం జాబితా పంపాడు. ముగ్గురు గుర్తులేదన్నారు. మిగతావాళ్లలో ఎక్కువ మంది చెప్పింది రెండో సగంలో ఎమ్మెల్యే తన డ్రైవర్‌ను చెంపదెబ్బ కొట్టే సన్నివేశం. ఆదివారం కూర్చుంటున్నాం, అక్కడి నుంచే మొదలుపెడతాం.