మధ్యవర్తి ఎవరి మనిషి? ఓరుగల్లు ఇళ్ల బేరాల్లో రాయకుండా వదిలేసిన ఒప్పందం

హనుమకొండలోనో కాజీపేటలోనో ఇల్లు కొనేటప్పుడు రాసుకునే బయానా (అడ్వాన్సు) కాగితాన్ని ఒకసారి నిదానంగా చదవండి. స్టాంపు పేపరు మీద ముందు అమ్మేవారి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు ఉంటాయి. తర్వాత కొనేవారివి. ఆ కింద ఇంటి నంబరు, ఎన్ని గజాలు, నాలుగు హద్దులు, మొత్తం ధర, ఈరోజు ముట్టిన బయానా, మిగతా సొమ్ముకు గడువు. చివర్లో సాక్షులు. బేరం కుదిర్చిన మనిషి, రెండు వైపులా కమీషన్ తీసుకోబోయే మనిషి చాలా కాగితాల్లో కనిపించేది ఆ చివర్నే, సాక్షిగా. ఆయన ఎవరి తరఫున తిరిగాడు, ఎంత తీసుకుంటాడు, ఎప్పుడు తీసుకుంటాడు, రిజిస్ట్రేషన్ ఆగిపోతే తిరిగి ఇస్తాడా అనే సంగతులు ఎక్కడా ఉండవు. ఒక కుటుంబం తన జీవితంలోకెల్లా పెద్ద ఖర్చు చేస్తున్నప్పుడు, దాన్ని నడిపించిన మనిషితో ఒక్క ముక్క కూడా రాసుకోకపోవడం మనకు వింతగా అనిపించదు. ఎందుకు అనిపించదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నిజాం కాలం నుంచి తెలంగాణ పల్లెల్లో భూమి వివరమంతా పట్వారీ దస్త్రాల్లో ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, కాస్తులో ఎవరున్నారు, కౌలుదారు హక్కు ఏమైనా ఉందా అన్నది పహాణీ అనే భూమి రికార్డు చూస్తే గానీ తెలియదు, పహాణీ మామూలు మనిషి చేతికి వచ్చేది కాదు. 1954-55 నాటి కాస్రా పహాణీని ఇప్పటికీ లాయర్లు అడుగుతున్నారంటే ఆ దస్త్రాల బలం అర్థమవుతుంది. పట్వారీ దగ్గర మాట చెల్లే మనిషే ఆనాటి మధ్యవర్తి. భూములు చేతులు మారింది ఎక్కువగా సాదా బైనామాల మీదే. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు, ఊరి పెద్దల సంతకాలు, వేలిముద్రలు. 1971 నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టంలో వాటిని క్రమబద్ధం చేసే సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. తెలంగాణ వచ్చాక 2016లో ఒకసారి, 2020లో మరోసారి ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి.

ఆ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయలేం. పెద్దమనిషి మాట తప్పితే మర్నాడు అదే ఊళ్లో, అదే రచ్చబండ దగ్గర ముఖం చూపించాలి. ఆ భయమే ఒప్పందం. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఆయనకు తెలిసినవాళ్లే కాబట్టి ఎవరి తరఫు అన్న ప్రశ్నే పుట్టలేదు.

వరంగల్ పట్నం పెరిగాక ఆ ప్రశ్న పుట్టాలి. 1934లో ఆజంజాహీ మిల్లు, 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ), అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. కాజీపేట జంక్షన్ చుట్టూ రైల్వే ఉద్యోగులు స్థిరపడ్డారు. జీతం మీద బతికే లెక్చరర్, గార్డు, క్లర్కు భూమి కొనాల్సింది తాము ఎరగని రైతు దగ్గర, తాము ఎరగని ఊళ్లో. 1980ల మొదట్లో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మనం కుడా అని పిలిచేది, ఏర్పడింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పాత పెద్దమనిషి పోయాడు, ఆయన స్థానంలో కమీషన్ మీద బతికే బ్రోకర్ వచ్చాడు. అలవాటు మాత్రం పాతదే మిగిలింది. "అన్నా, నేనున్న గదా, నువ్వు టెన్షన్ పడకు" అన్న మాటే ఒప్పందం. ఆ అన్న రేపు నంబరు మార్చేస్తే ఏ రచ్చబండ దగ్గర అడగాలి?

ఇదే వరంగల్‌లో ఇంకో వ్యాపారం చూడండి. ఎనుమాముల మార్కెట్‌లో రైతు మిర్చి బస్తాలు అమ్మిపెట్టే అడ్తిదారుకు లైసెన్సు ఉండాలి. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం నోటిఫై చేసిన మార్కెట్ పరిధిలో లైసెన్సు లేకుండా కమీషన్ ఏజెంటుగానో బ్రోకర్‌గానో పనిచేయకూడదు. అంతకుముందు హైదరాబాద్ రాష్ట్రంలోనూ మార్కెట్లకు చట్టం ఉండేది. ఇన్ని దశాబ్దాలుగా మిర్చికి, పత్తికి ఉన్న రక్షణ ఇంటికి లేకపోయింది. ఇల్లు కుదిర్చేవాడికి 2017 దాకా ఏ నంబరూ, ఏ రిజిస్టరూ అక్కర్లేదు.

అయితే చట్టమే లేదనుకోవడం తప్పు. ఈ విషయంలో మనవాళ్లకు చాలా తక్కువ తెలిసిన సంగతి ఇదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 182 నుంచి 238 దాకా సెక్షన్లన్నీ ఏజెంటు గురించే. ఏజెంటును పెట్టుకోవడానికి రాతకోతలు తప్పనిసరి కాదు, మాటతో, నడవడితో కూడా ఆ సంబంధం ఏర్పడుతుంది. ఏర్పడ్డాక మాత్రం ఏజెంటు లెక్క చెప్పాలి, వసూలు చేసిన సొమ్ము అప్పజెప్పాలి, అప్పగించిన పనిలో తప్పుడుగా నడుచుకుంటే ఆ మేరకు కమీషన్ అడిగే హక్కు పోతుంది. 216వ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది, అది ఇల్లు కొనేవారి గురించే. ఫలానా ఇల్లు నాకు కొనిపెట్టమని ఒకాయన తన ఏజెంటుకు చెబుతాడు. అది దొరకదని ఏజెంటు చెప్పి, తనే కొనేసుకుంటాడు. అసలు సంగతి బయటపడితే, ఏజెంటు కొన్న ధరకే ఆ ఇంటిని తనకు అమ్మమని మొదటివాడు పట్టుబట్టవచ్చు. నూటయాభై ఏళ్ల కిందటి చట్టం ఇవాళ నయీంనగర్‌లో జరిగే బేరాన్ని చూసి రాసినట్టే ఉంది.

మరి ఆ సెక్షన్ మనకెందుకు అక్కరకు రావడం లేదు? ఆయన నా ఏజెంటు అని కొనేవారు రుజువు చేయాలి కాబట్టి. కాగితంలో ఆయన సాక్షి మాత్రమే.

ఇక్కడే మన దగ్గర బాగా నాటుకుపోయిన రెండు పద్ధతులు చెప్పాలి. ఒకటి, పైన వేసుకోవడం. ఇంటాయన "నా చేతికి అరవై లక్షలు రావాలి" అంటాడు. కొనేవారికి చెప్పే ధర అరవై నాలుగు. మధ్యలో నాలుగు లక్షలు, దాని మీద ఇద్దరి దగ్గరా కమీషన్. రెండోది, బ్రోకరే అమ్మేవారితో అగ్రిమెంట్ చేసుకుని, కొద్దిగా బయానా ఇచ్చి, గడువులోగా వేరేవాళ్లకు అమ్మేయడం. అప్పుడాయన ఏజెంటు కాడు, వ్యాపారి. వ్యాపారి లాభం చూసుకోవడంలో తప్పేమీ లేదు, ఆ సంగతి ముందే చెబితే. కొనేవారు మాత్రం మన తరఫున బేరమాడుతున్నాడని నమ్మి, తమ దగ్గర ఎంత డబ్బుంది, ఎంతదాకా పోగలరు, బ్యాంకు లోన్ ఎంత వస్తుంది అన్నీ ఆయనకే చెప్పేస్తారు. ఎదుటి పక్షానికి మన పేకలన్నీ చూపించాక ఇక బేరం ఎక్కడిది?

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు కథ ఇంకో మలుపు తిరిగింది. గల్ఫ్‌లో కష్టపడినవాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ స్థలాలు కొనేది బావమరిదో, చిన్నాన్న కొడుకో. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేస్తారు, అంతా ఫోన్ మీదే నడుస్తుంది. ఇలాంటి జీపీఏ కాగితాల మీదే అమ్మకాలు కూడా జరిగిపోయేవి. 2011 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో ఖరాఖండిగా చెప్పింది: జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా కలిపి రాసుకున్నంత మాత్రాన హక్కు మారదు, రిజిస్టర్ అయిన సేల్ డీడే కావాలి. బంధువే ఏజెంటైనప్పుడు లెక్క అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. దుబాయ్‌లో ఎండలో నిలబడి సంపాదించిన సొమ్ముకు లెక్క అడగడం తప్పు కాదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

తెలంగాణ ఏర్పడ్డాక, ముఖ్యంగా 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాక, వెంచర్ల జోరు పెరిగింది. కలెక్టరేట్ ఎటు వస్తుందంటే అటు రాళ్లు పాతారు. తర్వాత గీసుకొండ టెక్స్‌టైల్ పార్కు, రింగు రోడ్డు, మామునూరు ఎయిర్‌పోర్టు. ఏ పేరు వినపడితే దాని మీద బ్రోచర్ వేశారు. టీచర్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, ప్రైవేటు ఉద్యోగులు సాయంత్రం పూట ప్లాట్ల ఏజెంట్లయ్యారు. తెలిసినవాళ్లే కదా అని తెలిసినవాళ్లు కొన్నారు.

ఈ దశలోనే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, వచ్చింది. 2016లో పార్లమెంటు చేసిన చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2017 జులైలో తెలంగాణ నియమాలు, 2018 ఆగస్టు చివర్లో రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. ప్రాపర్టీ డీలర్, బ్రోకర్, మధ్యవర్తి, ఏ పేరుతో పిలిచినా సరే ఏజెంటేనని చట్టం తేల్చింది. రిజిస్టర్ కాకుండా రెరా ప్రాజెక్టులో అమ్మకం కుదర్చకూడదు. కుదిర్చిన ప్రతి అమ్మకంలో తన రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు. ప్రీ లాంచ్ పేరుతో డబ్బు వసూలు చేయడం ఇందులోకే వస్తుంది. లెక్కల పుస్తకాలు ఉంచాలి, బుకింగ్ నాడు కొనేవారికి రావాల్సిన పత్రాలన్నీ అందేలా చూడాలి. తప్పితే రోజుకు పదివేల జరిమానా, ఆ ప్లాటు లేదా ఫ్లాటు విలువలో 5 శాతం దాకా.

మంచి చట్టమే. కానీ బిల్డర్‌కు, కొనేవారికి మధ్య అగ్రిమెంట్ నమూనా ఇచ్చిన తెలంగాణ రెరా, కొనేవారికి, ఏజెంటుకు మధ్య నమూనా ఇవ్వలేదు. పైగా దాని పరిధి ప్రాజెక్టులకే. 500 చదరపు మీటర్ల స్థలం గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటనివి బయటే. తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు అనుమతి పొందినవీ బయటే. సుబేదారిలో ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు ఒకరి నుంచి ఒకరు కొంటే, ఆ బ్రోకర్ మీద రెరాకు అధికారం లేదు. వరంగల్ పాత కాలనీల్లో ఇలాంటి ఇళ్ల బేరాలే ఎన్నో.

మన పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటూ ఈమధ్య ఏజెంటు ముందు ఒక కాగితం మీద సంతకం పెడుతున్నారు. అక్కడా ఇది తేలిగ్గా రాలేదు. 1990ల ముందు దాకా కొనేవారిని వెంటబెట్టుకుని ఇళ్లు చూపించే ఏజెంటు కూడా చాలావరకు చట్టం దృష్టిలో అమ్మేవారి మనిషే. చాలామంది కొనేవారికి ఆ సంగతే తెలియదని 1983లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదిక చెప్పింది. తర్వాత కొనేవారి తరఫు ఏజెంట్లు వచ్చినా వాళ్ల కమీషన్ అమ్మేవారి వైపు నుంచే అందేది. దీనిపై మిస్సోరీలో వేసిన దావాలో 2023 అక్టోబర్ 31న జ్యూరీ రియల్టర్ల సంఘానికి, పెద్ద బ్రోకరేజీలకు వ్యతిరేకంగా సుమారు 180 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించకముందే కొనేవారితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఏజెంటుకు ఎంత ఇవ్వాలో అందులో తేల్చి రాయాలి, అది బేరమాడుకోదగినదని కూడా చెప్పాలి.

మన దగ్గర గొడవలు ఎక్కువగా వచ్చేది కమీషన్ ఎప్పుడు ఇవ్వాలన్న దగ్గర. బయానా రోజే సగం అడుగుతారు. లింక్ డాక్యుమెంట్లలో (ఆస్తి పాత యజమానుల పత్రాల్లో) తేడా బయటపడి బేరం ఆగిపోతే ఆ సగం తిరిగి రాదు. కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ప్రతిఫలం బాకీ పడదు. పని అంటే బేరం కుదర్చడమా, రిజిస్ట్రేషనా అన్నది మాత్రం మీరు ముందే తేల్చుకోవాలి. కనీసం వాట్సాప్‌లోనైనా "మీరు మా తరఫున చూస్తున్నారు, కమీషన్ ఇంత, రిజిస్ట్రేషన్ నాడు ఇస్తాం, అమ్మేవారి దగ్గర తీసుకుంటే మాకు చెప్పాలి" అని పంపి, సరేనని జవాబు తెప్పించుకోండి. నోటిమాట ఏజెన్సీని చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఆ మెసేజే సాక్ష్యం. బయానా కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, ఆపైన నగదు అడ్వాన్సు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం అడ్డుకుంటోంది. కమీషన్ తీసుకుని చేసేది సేవే కాబట్టి, మోసం జరిగితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపైతే దానికి ఫీజు కూడా లేదు.