గడప లోపలి చేపలు: ఫియోర్డ్ లాంతరు చేప గురించి అపోహలు - వాస్తవాలు

నేను పని చేసేది వేలెడంత చేప మీద. పేరు బెంథోసెమా గ్లేసియాలె. లాంతరు చేపల కుటుంబంలోది. పొట్ట కింద, పక్కల వెంబడి వరసగా వెలుగు చుక్కలుంటాయి. 1837లో రైన్‌హార్ట్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నార్వే పడమటి తీరంలో, బెర్గెన్‌కు ఉత్తరాన ఉన్న మాస్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలో) దీన్ని చాలా కాలంగా గమనిస్తున్నారు. దీని గురించి మాట్లాడినప్పుడల్లా అవే కొన్ని తప్పు అభిప్రాయాలు ఎదురవుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంత చిన్నదంటే పిల్ల చేపే అయ్యుంటుంది, లేదా ఏడాదికే చచ్చిపోయే రకం.

ఆరేడు సెంటీమీటర్లున్న చేప చేతిలో పెడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నేనూ మొదట్లో పొడవు చూసి వయసు అంచనా వేసి, రిజిస్టర్‌లో రాసేసేదాన్ని. ఆ అలవాటు పోగొట్టింది ఓటోలిత్, అంటే చెవిరాయి. చేప తలను సన్నటి పట్టకారుతో తెరిస్తే, మెదడుకు రెండు పక్కలా ఆవగింజంత తెల్లటి రాళ్లు కనిపిస్తాయి. ఒకదాన్ని నీటిచుక్కలో వేసి, కింద నల్లటి పలక పెట్టి, పక్కనుంచి వెలుగు పడేలా మైక్రోస్కోప్‌లో చూడాలి. తెల్లటి పట్టీ, దాని చుట్టూ ముదురు పట్టీ, మళ్లీ తెలుపు. బాగా పెరిగిన కాలానికి తెలుపు, పెరుగుదల మందగించిన చలికాలానికి ముదురు. లెక్కపెడితే ఒక్కోసారి ఆరు, ఏడు జతలు వస్తాయి. ఏడెనిమిదేళ్లు బతికిన చేపలు ఈ ఫియోర్డ్‌లలో ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు బాగా పెరిగి, ఆ తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది. అందుకే ఒకే పొడవున్న రెండు చేపల మధ్య మూడేళ్ల తేడా ఉండొచ్చు.

వయసు తెలిస్తేనే చావుల లెక్క తేలుతుంది. ఉదాహరణకు, వలలో మూడేళ్లవి వంద, నాలుగేళ్లవి అరవై, ఐదేళ్లవి ముప్ఫై ఆరు పడ్డాయనుకోండి. ఏటా నూటికి నలభై పోతున్నాయని అర్థం. వయసు బదులు పొడవు పెట్టి ఇదే లెక్క వేస్తే, ముసలి చేపలన్నీ ఒకే పొడవు దగ్గర పోగుపడి లెక్క మొత్తం తారుమారవుతుంది. ఇంకో సంగతి: ఇవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. పెట్టేది కూడా వందల లెక్కలోనే. కాడ్ చేపలా లక్షలకు లక్షలు పెట్టవు. చిన్న చేప కదా, ఎంత పట్టినా మళ్లీ ఇట్టే పుట్టుకొస్తుందనే ధీమా దీని విషయంలో పనికిరాదు.

అపోహ: సముద్రమంతా ఒకటే నీరు, కాబట్టి ఫియోర్డ్‌లో చేపా బయటి చేపా ఒకటే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ అపోహే, ఎందుకంటే చేపల నిర్వహణ నిర్ణయాలు దీని మీద ఆధారపడతాయి. ఫియోర్డ్‌ను హిమానీనదం తొలిచింది. లోపల లోతు ఎక్కువ, బయటకు తెరుచుకునే చోట మాత్రం నేల మళ్లీ పైకి లేస్తుంది. ఆ ఎత్తును నార్వే వాళ్లు టెర్స్‌కెల్ అంటారు. అంటే అచ్చంగా మన గడప. మాస్‌ఫియోర్డెన్ లోపల లోతు దాదాపు 490 మీటర్లు, గడప దగ్గర 75 మీటర్లే. ఎదిగిన లాంతరు చేప పగలంతా ఉండేది అంతకంటే చాలా కిందన. అది బయటి సముద్రానికి పోవాలంటే వేటాడే చేపల కళ్లపడే వెలుగులోకి వచ్చి గడప దాటాలి. గుడ్లు, వాటి నుంచి వచ్చిన పసి చేపలు నీటితో పాటు కొట్టుకుపోగలవు కాబట్టి రాకపోకలు పూర్తిగా ఆగిపోలేదు. అయినా జన్యు పరీక్షల్లో ఫియోర్డ్ చేపలకూ బయటి నార్వేజియన్ సముద్రపు చేపలకూ తేడా స్పష్టంగా కనిపించింది. పెరిగే తీరు కూడా చోటును బట్టి మారుతోంది.

ఇదే ఫియోర్డ్‌లో మౌరోలికస్ మ్యూలెరి అనే ఇంకో చిన్న చేప ఉంది. అది పై పొరల్లో తిరుగుతుంది, ఏడాది వయసుకే గుడ్లు పెడుతుంది. గడప దాటడం దానికి అంత కష్టం కాదు. పక్కపక్కనే బతికే రెండు చిన్న చేపల్లో ఒకదాని లెక్క ఇంకోదానికి సరిపోదు. అలాంటప్పుడు మహాసముద్రపు సగటు తెచ్చి ఫియోర్డ్‌కు అంటగడితే ఎలా?

అపోహ: పక్కపక్క ఫియోర్డ్‌లలో చేపలు ఒకేలా ఉంటాయి.

ఉండవు. మాస్‌ఫియోర్డెన్‌కు దగ్గర్లోనే లూరెఫియోర్డెన్ ఉంది. దాని గడప 20 మీటర్ల లోతులోనే ఉండటంతో లోపలికి చేరేది ఎక్కువగా తీరపు నీరు. ఆ నీరు వెలుగును త్వరగా పీల్చేసుకుంటుంది. కళ్లతో చూసి వేటాడే చేపలకు అది కష్టకాలం. అక్కడ రాజ్యమేలేది పెరిఫిల్లా అనే ఎర్రటి లోతునీటి జెల్లీ చేప. వేటకు దానికి కళ్లు అక్కర్లేదు.

అపోహ: లాంతరు చేపలన్నీ రాత్రి పైకి, పగలు కిందికి.

పాఠ్యపుస్తకాల్లో అలాగే ఉంటుంది. మాస్‌ఫియోర్డెన్ అడుగున ఎకోసౌండర్‌ను (శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపలను గుర్తించే పరికరాన్ని) పైకి చూసేలా అమర్చి నెలల తరబడి రికార్డు చేసినప్పుడు మూడు రకాలు కనిపించాయి. కొన్ని రాత్రి పైకొచ్చేవి. కొన్ని అసలు కదలనివి. ఇంకొన్ని తలకిందులుగా, పగలే కొంత పైకి లేచి రాత్రికి కిందికి దిగేవి. ఈ మూడో రకం, లోతులో చలికాలం గడిపే కలానస్ అనే కోపెపాడ్‌లను (రొయ్యల జాతికి చెందిన బుల్లి జీవులను) మసక వెలుగులో వేటాడుతోంది. తెర మీద ఒక్కో చేప ఒక్కో సన్నటి గీతలా కనిపిస్తుంది. చాలాసేపు కదలిక లేకుండా నిలబడి, మెట్టు దిగినట్టు ఒక్కసారి కొంచెం కిందికి జారి, మళ్లీ ఆగుతుంది. గంటల తరబడి ఆ గీతలు చూసిన తర్వాత నాకు వాటిని గుంపుగా ఊహించుకోవడం కష్టమైపోయింది.

అపోహ: వలలో పడినన్ని ఉన్నట్టు.

ఈ చేపలు వలను పసిగట్టి తప్పుకుంటాయి. ట్రాల్ (పడవతో లాగే వల) లెక్క వల్ల వీటి మొత్తం బరువు బాగా తక్కువగా అంచనా వేస్తున్నామని 2012లో నార్వే శాస్త్రవేత్తలు చూపించారు. ప్రపంచవ్యాప్తంగా మధ్యలోతు చేపలు దాదాపు 100 కోట్ల టన్నులని 1980లో వేసిన అంచనా వలల మీద ఆధారపడినదే. 2014లో శబ్దతరంగాలతో వేసిన అంచనా దానికి సుమారు పది రెట్లు వచ్చింది. అలాగని ఎకోసౌండర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. దానికి వినిపించేది ముఖ్యంగా చేపలోని గాలితిత్తి నుంచి వచ్చే ప్రతిధ్వని. ఆ ప్రతిధ్వని ఏ చేపదో, దాని వయసెంతో చెప్పేది మళ్లీ వలే. అందుకే రెండూ కావాలి.

అపోహ: లోతున చల్లటి నీరు ఎప్పుడూ మారదు, కాబట్టి అక్కడి చేపలకు ఢోకా లేదు.

గడప లోపల అడుగున ఉన్న నీరు నిలవ నీరు. బయటి నుంచి అంతకంటే బరువైన నీరు గడప దాటి వచ్చినప్పుడే అది మారుతుంది. రెండు మార్పుల మధ్య కాలంలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది. బయటి అట్లాంటిక్ నీరు వేడెక్కేకొద్దీ తేలికవుతుంది, లోపలి పాత నీటిని నెట్టే బరువు దానికి ఉండదు. మాస్‌ఫియోర్డెన్‌లో 1975 నుంచి ఉన్న కొలతల్లో ఈ వేడీ, ఆక్సిజన్ తగ్గుదలా రెండూ కనిపిస్తున్నాయి. బయటి సముద్రంలో చేపకు ఊపిరాడకపోతే పక్కకు పోతుంది. ఇక్కడ పక్కన రాతి గోడ, ముందు గడప. ఇప్పుడు ఓటోలిత్‌లు చదివేటప్పుడు, ఏ చేప ఏ ఏడాది పుట్టిందో, ఆ ఏడాది అడుగు నీరు మారిందో లేదో కూడా పక్కనే రాసుకుంటున్నాను.